స్కానింగ్ యంత్రాన్ని పసివాళ్ల కిడ్నీల వైపు కూడా తిప్పించండి

అండమాన్ నికోబార్ దీవుల లెఫ్టినెంట్ గవర్నర్ గారికి బహిరంగ లేఖ



ఈ దీవుల్లో పుట్టి పెరుగుతున్న పిల్లల కిడ్నీల గురించి మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను పెద్ద ఆసుపత్రి అడగడం లేదు, కొత్త పథకం కూడా అడగడం లేదు. గర్భిణులకు స్కానింగ్ చేసే యంత్రంతోనే, అవసరం ఉన్న పిల్లలకు సరైన వేళలో కిడ్నీలు చూడాలని ఆరోగ్య శాఖకు రాతపూర్వకంగా ఒక ఉత్తర్వు ఇప్పించమని అడుగుతున్నాను. కిడ్నీల్లో సున్నం పేరుకునే జబ్బును పసితనంలోనే పట్టుకోవడానికి స్కానింగ్ కంటే తేలికైన, హాని లేని దారి లేదు.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన మన ఊళ్లో ఉంటాను. చాలాకాలం పిల్లలకు పాఠాలు చెప్పాను. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి సుమారు 13 మంది తెలుగు మాట్లాడేవాళ్లు. వాళ్లలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవాళ్లే. అందుకే మా ఇళ్లలో కిడ్నీ అన్న మాట వినపడితే వెంటనే శ్రీకాకుళంలో కిడ్నీ జబ్బు ప్రబలిన ఉద్దానం ప్రాంతం గుర్తొస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో బంధువులున్న కుటుంబాలకు డయాలసిస్ అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలైనప్పుడు ఇక్కడా దాని గురించే మాట్లాడుకున్నాం.

ఉద్దానం జబ్బు వేరు, ఇప్పుడు నేను చెప్పబోయేది వేరు. అది ఎక్కువగా పొలం పనులూ కూలి పనులూ చేసుకునే పెద్దవాళ్లను పట్టుకునే జబ్బు. ఇది పిల్లల్లో, ఒక్కోసారి పుట్టిన కొద్ది వారాలకే మొదలయ్యే జబ్బు. అయితే ఉద్దానం నేర్పిన పాఠం రెండింటికీ వర్తిస్తుంది. కిడ్నీ తన బాధను బయటికి చెప్పదు. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగేనాటికే దాని శక్తి సగం దాకా పోయి ఉంటుంది. కాబట్టి అది పెరిగేదాకా ఆగకుండా ముందే చూడాలి.

కిడ్నీలో రాయి గురించి అందరికీ తెలుసు. అది మూత్రం నడిచే దారిలో తయారయ్యే గట్టి ముక్క. అది కదిలితే ప్రాణం పోయేంత నొప్పి పుడుతుంది, ఆ నొప్పే మనిషిని ఆసుపత్రికి లాక్కొస్తుంది. నెఫ్రోకాల్సినోసిస్ అనే ఈ జబ్బులో కాల్షియం లవణాలు మూత్రం దారిలో కాకుండా కిడ్నీ కండలోనే పేరుకుంటాయి. చవిటి నీళ్లు కాచే గిన్నె లోపల తెల్లటి గార పట్టినట్టు, నెలల తరబడి నెమ్మదిగా పేరుకుంటాయి. దాదాపు అన్ని కేసుల్లోనూ ఇది కిడ్నీ లోపలి భాగమైన మెడుల్లాలోనే జరుగుతుంది. దీనికి నొప్పి ఉండదు, చాలాసార్లు జ్వరమూ ఉండదు. పిల్లవాడు సరిగా ఎదగడు, అంతే.

అలాంటి పిల్లవాడు ఎలా ఉంటాడో బడిలో పనిచేసినవాళ్లు ఊహించగలరు. ఈడు పిల్లలకంటే పొట్టిగా ఉంటాడు. సీసాలో నీళ్లు మొదటి గంట కొట్టేలోపే అయిపోతాయి. మళ్లీ నీళ్లంటాడు, వెంటనే బయటికంటాడు. రాత్రిళ్లు లేచి చెంబెడు నీళ్లు తాగుతాడు, పక్క తడుపుతాడు. కొందరికి కాళ్లు దొడ్డిగా వంగుతాయి. మలబద్ధకం ఉంటుంది, ఊరికే వాంతులవుతాయి. పొటాషియం బాగా పడిపోతే ఒకరోజు పొద్దున కాళ్లూ చేతులూ చచ్చుబడి లేవలేకపోతాడు. ఇంట్లోవాళ్లు గారాబం వల్ల బలహీనంగా ఉన్నాడనుకుంటారు, బడిలో అల్లరివాడనుకుంటారు. కిడ్నీ మీదికి ఎవరి ఆలోచనా పోదు.

1935లో లండన్‌లో రెజినాల్డ్ లైట్‌వుడ్ అనే పిల్లల వైద్యుడు పసివాళ్ల కిడ్నీల్లో కాల్షియం పేరుకోవడాన్ని వర్ణించాడు. ఆయన దాన్ని చూసింది చనిపోయిన పిల్లల శవపరీక్షల్లో. ఆ రోజుల్లో బతికున్న పిల్లవాడి కిడ్నీ లోపలికి ఇంత వివరంగా చూసే సాధనం లేదు. 1958లో గ్లాస్గోకు చెందిన ఇయన్ డొనాల్డ్, ఆయన సహచరులు ధ్వని తరంగాలతో పొట్ట లోపలి భాగాలను చూడొచ్చని ల్యాన్సెట్ పత్రికలో చూపించారు. ఆ విద్యే పెరిగి పెరిగి నేటి స్కానింగ్ అయింది. లైట్‌వుడ్ మరణం తర్వాత చూసినదాన్ని మనం ఈ రోజు పిల్లవాడు తల్లి ఒళ్లో ఆడుకుంటుండగానే చూడగలం.

ఆ పరీక్ష ఎంత చిన్నదో మీకు చెప్పాలి. సూది ఉండదు, మత్తు ఉండదు, రేడియేషన్ ఉండదు. కిడ్నీల కోసం పరగడుపున ఉండాల్సిన పని కూడా లేదు. బిడ్డను తల్లి ఒళ్లో బోర్లా పడుకోబెట్టి, నడుముకు రెండు పక్కలా జెల్లు రాసి ప్రోబు ఆనిస్తారు. కిడ్నీ చుట్టూ బూడిద రంగు అంచు, దాని లోపల వరుసగా నల్లటి త్రికోణాలు తెర మీదికి వస్తాయి. ఆ త్రికోణాలను పిరమిడ్లంటారు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలో అవి నల్లగానే ఉంటాయి. సున్నం పేరుకోవడం మొదలైతే ముందు పిరమిడ్ అంచుల వెంబడి సన్నటి తెల్ల గీత కనిపిస్తుంది. తర్వాత లోపలంతా పల్చగా తెల్లబడుతుంది. చివరికి పిరమిడ్ మొత్తం చిక్కటి తెలుపుగా మారిపోతుంది. ఈ మూడు దశలకే వైద్యులు ఒకటి, రెండు, మూడు అని గ్రేడులు పెట్టుకున్నారు. మొదటి దశ మామూలు ఎక్స్‌రేకు చిక్కదు. సీటీ స్కాన్‌కు చిక్కినా, ఆరు నెలలకోసారి పసిబిడ్డను ఆ రేడియేషన్ కింద పడుకోబెట్టలేం. స్కానింగ్ అయితే ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చేయొచ్చు.

యంత్రం ఉన్నంత మాత్రాన సరిపోదు. పెద్దవాళ్ల పొట్ట చూసే ప్రోబుతో నెలల బిడ్డ కిడ్నీ స్పష్టంగా కనిపించదు, ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న ప్రోబు కావాలి. చూసే కంటికీ అలవాటుండాలి. అప్పుడే పుట్టిన బిడ్డ కిడ్నీలో బయటి అంచు మామూలుగానే తెల్లగా, పిరమిడ్లు మరీ నల్లగా ఉంటాయి. అది తెలియనివాళ్లు వాటిని నీటి తిత్తులనుకోవచ్చు. పుట్టిన మొదటి రోజుల్లో కొందరు బిడ్డల పిరమిడ్లు కొద్దిరోజులు తెల్లబడి, ఒకటి రెండు వారాల్లో వాటంతటవే మామూలవుతాయి. దాన్ని జబ్బనుకుని తల్లిని బెదిరించకూడదు, మళ్లీ ఒకసారి చూసి తేల్చాలి. కాబట్టి నేను అడిగే ఉత్తర్వులో యంత్రంతో పాటు శిక్షణ గురించి కూడా ఉండాలి.

ఎవరిని చూడాలి? దీవుల్లోని పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి స్కానింగ్ చేయమని నేను అనడం లేదు. అది డబ్బూ సమయమూ దండగ, అనవసరమైన భయం కూడా. చూడాల్సిన పిల్లలు ముఖ్యంగా రెండు గుంపులు.

మొదటి గుంపు నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు. వీళ్లలో కిడ్నీ సున్నం 7 నుంచి 41 శాతం దాకా కనిపించినట్టు వివిధ దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఊపిరితిత్తుల్లో నీరు తగ్గడానికి ఇచ్చే ఫ్యూరోసమైడ్, అంటే అందరికీ తెలిసిన లాసిక్స్, మూత్రంలోకి కాల్షియాన్ని ఎక్కువగా తోడేస్తుంది. ఆ మందు వాడిన నెలతక్కువ బిడ్డల కిడ్నీల్లో సున్నం కనిపించిందని అమెరికా వైద్యులు 1982లోనే రాశారు. ప్రాణం నిలబెట్టాలంటే ఆ మందు ఇవ్వక తప్పదు, ఇచ్చిన డాక్టర్లను ఎవరూ తప్పు పట్టరు. చాలామందిలో ఆ సున్నం తొలి సంవత్సరాల్లోనే కరిగిపోతుంది. కరగని కొద్దిమంది ఎవరో తెలియాలంటే మళ్లీ చూడటమొక్కటే మార్గం. బిడ్డ ప్రాణంతో ఇంటికి చేరిందన్న సంతోషంలో ఆ రెండో చూపు తేలిగ్గా తప్పిపోతుంది.

రెండో గుంపు ఎదుగుదల ఆగిపోయి, కాళ్లు వంగి, విపరీతంగా నీళ్లు తాగే పిల్లలు. వీళ్ల దగ్గరే అసలు ప్రమాదముంది. కాళ్లు వంగాయంటే రికెట్స్, రికెట్స్ అంటే విటమిన్ డి లోపం, కాబట్టి విటమిన్ డి పోయాలి అన్నది మన దేశంలో పాతుకుపోయిన లెక్క. ఎక్కువమంది విషయంలో ఆ లెక్క సరైనదే. కానీ డిస్టల్ రీనల్ ట్యూబ్యులార్ అసిడోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బులోనూ కాళ్లు వంగుతాయి. అందులో కిడ్నీ ఆమ్లాన్ని బయటికి పంపలేదు. రక్తం పులిసి ఎముకల్లోని కాల్షియం కరిగి వచ్చి కిడ్నీలో చేరుతుంది. అప్పటికే సున్నం పేరుకుంటున్న ఆ కిడ్నీ మీద విటమిన్ డి పెద్ద మోతాదు, దానితో పాటు కాల్షియం సిరప్పు పోస్తే, నిప్పు మీద నెయ్యి పోసినట్టే.

ఈ జబ్బుకు మందు ఖరీదైనది కాదు. సోడా బైకార్బ్, పొటాషియం సిట్రేట్ లాంటి క్షార మందులు రోజూ క్రమం తప్పకుండా పడితే రక్తం కుదుటపడుతుంది, ఎముకలు గట్టిపడతాయి, ఆగిన ఎత్తు మళ్లీ పెరుగుతుంది. పేరుకున్న సున్నం పూర్తిగా పోకపోయినా కొత్తగా చేరడం ఆగుతుంది. మూడో ఏట తెలుసుకున్న బిడ్డకూ పదమూడో ఏట తెలుసుకున్న బిడ్డకూ మధ్య ఒక జీవితమంత తేడా ఉంటుంది.

విటమిన్ డి గురించి మరో మాట చెప్పాలి. పాలు తాగే బిడ్డకు రోజుకు 400 యూనిట్లు చాలని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. మందుల షాపులో దొరికే పెద్దవాళ్ల పొట్లంలో 60,000 యూనిట్లుంటాయి. అంటే ఒక్క పొట్లం ఆ బిడ్డకు 150 రోజుల మోతాదు. 6 లక్షల యూనిట్ల ఇంజెక్షనైతే 1,500 రోజులది, నాలుగేళ్లకు పైమాటే. పసిపిల్లల చుక్కల మందు కూడా మిల్లీలీటరుకు 400 యూనిట్లది ఒకటి, 800 యూనిట్లది ఒకటి దొరుకుతాయి. సీసా మారితే మోతాదు రెట్టింపవుతుందని తల్లికి ఎవరో ఒకరు చెప్పాలి. ఇంట్లో ఒకరి పొట్లం ఇంకొకరికి పోయకూడదని కూడా చెప్పాలి. మోతాదు మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి నేరుగా కిడ్నీలో దిగుతుంది.

ఇలాంటిది దేశాల స్థాయిలో జరిగిన సందర్భాలూ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో పిల్లల పాలపొడిలో, తృణధాన్యాల పిండిలో విటమిన్ డి ధారాళంగా కలిపారు. 1950ల్లో పసిపిల్లల రక్తంలో కాల్షియం పెరిగిన కేసులు బయటపడటంతో మోతాదులు తగ్గించారు. అలాంటి పిల్లల్లో కొందరి ఒంట్లో విటమిన్ డిని విరిచేసే ఎంజైముకే పుట్టుకతో లోపముంటుందని 2011లో జన్యు పరిశోధన తేల్చింది. ఇతరులకు మేలు చేసే మోతాదే అలాంటి బిడ్డకు విషమవుతుంది. ఆ బిడ్డ ఎవరో ముఖం చూసి చెప్పలేం, కిడ్నీనీ రక్తాన్నీ చూసి చెప్పొచ్చు. 2008లో చైనాలో పాలపొడిలో మెలమైన్ కలిపిన ఘోరంలో సుమారు 3 లక్షల మంది పసివాళ్లు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. వాళ్ల కిడ్నీల్లో తయారైనవి వేరే రకం రాళ్లు. కానీ లక్షల మంది పిల్లల్లో చికిత్స ఎవరికి కావాలో ఏరి చూపింది ఊరూరా చేసిన ఈ స్కానింగే. అంత పెద్ద దేశానికే అది సాధ్యమైతే, 2011లో 3,80,581 మంది జనాభా ఉన్న మన దీవుల్లో అవసరమైన కొద్దిమంది పిల్లలకు చేయడం అసాధ్యం కాదు.

మన దీవుల కష్టాలు మీకు తెలియనివి కావు. క్యాంప్‌బెల్ బే నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 540 కిలోమీటర్ల సముద్రం. డిగ్లీపూర్ నుంచి ట్రంక్ రోడ్డు మీద రోజంతా ప్రయాణం. నికోబార్ తల్లి బిడ్డను పోర్ట్ బ్లెయిర్ జి.బి. పంత్ ఆసుపత్రికి తేవాలంటే ఓడ టికెట్టు దొరకాలి, సముద్రం శాంతంగా ఉండాలి, ఇంటి దగ్గర మిగతా పిల్లలను ఎవరో చూసుకోవాలి. పది నిమిషాల స్కానింగ్ కోసం అన్ని రోజులు పోగొట్టుకోవడం కంటే మరోసారి చూద్దాంలే అనుకోవడమే ఆ తల్లికి మిగిలే దారి. ఎండాకాలం ధనిఖారీ జలాశయం అడుగంటితే పోర్ట్ బ్లెయిర్ కుళాయిల్లో నీళ్లు రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వస్తాయి. నీటిని నిలుపుకోలేని కిడ్నీలున్న పిల్లవాడికి తాగునీరు కూడా మందే. మందుల స్టాకు ఓడలో రావాలి, తుపాను వస్తే ఆ ఓడ ఆగుతుంది. పొటాషియం సిట్రేట్ కొన్ని రోజులు ఆగినా ఆ బిడ్డ కాళ్లు మళ్లీ చచ్చుబడొచ్చు.

మనకున్న బలాలూ తక్కువేం కాదు. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై సముద్రగర్భ కేబుల్ 2,300 కిలోమీటర్ల పొడవున వచ్చి పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, రంగత్, లాంగ్ ఐలాండ్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లను కలిపింది. బొమ్మ తీసే చెయ్యి కమోర్టాలో ఉన్నా, చదివే కన్ను పోర్ట్ బ్లెయిర్‌లోనో పుదుచ్చేరి జిప్‌మర్ వైద్య సంస్థలోనో ఉండొచ్చు. 2015లో మొదలైన మన వైద్య కళాశాల ఉంది. 1983 నుంచి పనిచేస్తున్న ఐసీఎంఆర్ ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది. 2013లో దేశమంతటా మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకూ అంగన్‌వాడీలకూ వచ్చే వైద్య బృందాలు రికెట్స్ ఉన్న పిల్లలను ఎలాగూ గుర్తిస్తున్నాయి. కావలసిందల్లా ఈ పోగులన్నీ కలిపి ముడి వేయడం.

స్కానింగ్ అనగానే చట్టం మాట కూడా వస్తుంది. ఆడపిల్లలను గర్భంలోనే చంపేసే దుర్మార్గాన్ని ఆపడానికి 1994లో వచ్చిన చట్టం స్కానింగ్ యంత్రాలపై గట్టి కట్టడి పెట్టింది. ఆ కట్టడి ఉండి తీరాలి, ఒక్క నిబంధన కూడా సడలించమని నేను అడగను. చేతిలో పట్టుకుపోయే యంత్రాలను నమోదైన ఆసుపత్రి ఆవరణలో కానీ, ఇతర వైద్య సేవలన్నీ ఇచ్చే సంచార వైద్య బృందంలో భాగంగా కానీ వాడవచ్చని నిబంధనల్లోనే ఉంది. పిల్లల కిడ్నీలు చూడటానికి ఈ చట్టం ఎక్కడా అడ్డు రాదు. అయినా కేసుల భయంతో కొందరు డాక్టర్లు యంత్రాన్ని ముట్టుకోరు. ఏది చేయొచ్చో ఏది చేయకూడదో మీ అధికారులు వాళ్లకు ఒక పేజీలో స్పష్టంగా రాసిస్తే ఆ భయం పోతుంది.

కాబట్టి నా విన్నపాలు ఇవి.

ఒకటి. నెలలు బాగా తక్కువతో పుట్టిన బిడ్డలకూ, లాసిక్స్ ఎక్కువ రోజులు వాడిన బిడ్డలకూ నవజాత శిశు విభాగం నుంచి ఇంటికి పంపే ముందు ఒకసారి, మొదటి పుట్టినరోజు లోపు మరొకసారి కిడ్నీ స్కానింగ్ చేయాలి. ఆ తేదీని డిశ్చార్జి కార్డు మీదే రాయాలి, ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త దాన్ని గుర్తుచేయాలి.

రెండు. కాళ్లు వంగిన, ఎదగని, అతిగా నీళ్లు తాగే ఏ బిడ్డకైనా విటమిన్ డి పెద్ద మోతాదు రాసే ముందు రక్తంలో కాల్షియం, పొటాషియం, బైకార్బనేట్, క్రియాటినిన్, మూత్రంలో కాల్షియం, వీటితో పాటు కిడ్నీ స్కానింగ్ చూడాలన్న నియమం పెట్టాలి. స్కానింగ్ సున్నం ఉందో లేదో చెబుతుంది, ఎందుకు చేరిందో రక్తమూ మూత్రమూ చెబుతాయి.

మూడు. మాయాబందర్, కార్ నికోబార్ జిల్లా ఆసుపత్రుల్లోనూ, డిగ్లీపూర్, రంగత్, హట్ బే, కమోర్టా, క్యాంప్‌బెల్ బేలలోనూ పిల్లలకు సరిపోయే ప్రోబు, శిక్షణ పొందిన డాక్టరు, కేబుల్ మీద బొమ్మలు పంపే ఏర్పాటు ఉండేలా చూడాలి. ఎక్కడ ఏది ఉందో, ఏది లేదో ఆ జాబితాను ప్రజలకు ప్రకటించాలి.

నాలుగు. సోడా బైకార్బ్, పొటాషియం సిట్రేట్ నిల్వలు తుపాను నెలలకూ సరిపడా ప్రతి దీవిలో ఉండాలి. ఈ జబ్బున్న పిల్లల పేర్లు గోప్యంగా ఒక రిజిస్టరులో ఉంచి, ఎవరి మందు ఎప్పుడు అయిపోతుందో ముందే చూసుకోవాలి.

ఐదు. విటమిన్ డి మోతాదు గురించి హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగు, మలయాళం, నికోబారీ భాషల్లో మందుల షాపుల్లో, అంగన్‌వాడీల్లో బోర్డులు పెట్టించాలి. అతిగా నీళ్లు తాగే పిల్లవాణ్ని కసరకుండా వైద్య బృందానికి చూపించమని బడులకు చెప్పాలి.

ఈ ఐదింటిలో దేనికీ కొత్త భవనం అక్కర్లేదు, పార్లమెంటు చట్టం అక్కర్లేదు. ఆరోగ్య, విద్య, స్త్రీ శిశు సంక్షేమ శాఖల అధికారులను ఒక గదిలో కూర్చోబెట్టి ఉత్తర్వు రాయించగలిగిన అధికారం ఈ దీవుల్లో మీ ఒక్కరి చేతిలోనే ఉంది. రాష్ట్రాల్లోనైతే శాసనసభ్యుడి ద్వారానో మంత్రి ద్వారానో అడిగేవాళ్లం. ఇక్కడ శాసనసభ లేదు కనుక నేరుగా మిమ్మల్నే అడుగుతున్నాను.

వచ్చే వర్షాకాలం సముద్రాన్ని అల్లకల్లోలం చేసేలోపే ఆ ఉత్తర్వు అన్ని దీవుల ఆసుపత్రులకూ చేరేలా చూడమని కోరుతున్నాను. అది అందిన రోజు నుంచి దాని సంగతిని బడుల ద్వారా, అంగన్‌వాడీల ద్వారా, మా తెలుగు సంఘాల ద్వారా ఇంటింటికీ చేర్చే బాధ్యత మాలాంటివాళ్లం తీసుకుంటాం.

భవదీయుడు,
పోర్ట్ బ్లెయిర్‌లో నివసించే ఒక తెలుగు ఉపాధ్యాయుడు